పంచనామాలో ఒక్క వాక్యం: హనుమకొండలో నా లా చదువు

ఎస్ఐ ఈవెంట్స్ గట్టెక్కి ఫైనల్ రాతపరీక్ష దగ్గర ఆగిపోయినవాళ్లు హనుమకొండలో వాడకొకరు దొరుకుతారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. 2022 నోటిఫికేషన్ ప్రకారం ఆడవాళ్లు ఎనిమిది వందల మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి, నాలుగు కిలోల గుండు నాలుగు మీటర్ల అవతల పడాలి. అవన్నీ అయ్యాయి. 2023 ఏప్రిల్‌లో జరిగిన ఫైనల్‌లో ర్యాంకును తేల్చేవి అరిథ్‌మెటిక్, జనరల్ స్టడీస్ మార్కులు. నా మార్కులు సరిపోలేదు. ఫలితాలు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం చేతకాక ఆ మే నెలలో లాసెట్ రాశాను. మా ఇంట్లో నా చదువును ఇప్పటికీ "పోలీసు రాలేదని లా" అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

లాలో చేరాక మా పరకాల పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: "పోలీసు కావాలంటే ఏ కోర్సు చేయాలి అక్కా?" దీనికి జవాబు వాళ్లకు రుచించదు. మన దగ్గర ఎస్ఐ కావడానికి ఏ డిగ్రీ అయినా చాలు. పరీక్షలో చట్టానికి ప్రత్యేకంగా ఒక పేపరు కూడా లేదు. నేర దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం (అప్పట్లో సీఆర్‌పీసీ) అంటే ఏమిటో తెలియకుండానే ఎంపికై, ఆ తర్వాత ట్రైనింగులో నేర్చుకుంటారు. క్రిమినాలజీ చదివినవారికి వెయిటేజీ ఏమీ ఉండదు. ఈ విషయం చెప్పకుండా "పోలీస్ కోర్సు" అని బోర్డు కట్టి ఫీజు వసూలు చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అలాగని నేర న్యాయం మీద చదువులే లేవని కాదు. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎంఎస్సీ ఉంది. గుజరాత్‌లో 2020లో పార్లమెంటు చట్టాలతో రెండు జాతీయ విశ్వవిద్యాలయాలు వచ్చాయి: ఒకటి ఫోరెన్సిక్ సైన్సెస్‌కు, మరొకటి పోలీసు, అంతర్గత భద్రత చదువులకు. ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా దూరవిద్యలో చేయవచ్చు. ఇవన్నీ విచారించాను. సైన్స్ డిగ్రీ లేదు కనుక ఫోరెన్సిక్ కుదరలేదు. గాంధీనగర్ పంపే స్తోమత మా నాన్నకు లేదు. పరకాల నుంచి రోజూ వచ్చిపోగలిగే దూరంలో, నేరం, పోలీసు, కోర్టు మూడూ కలిసే చదువు మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఒక్కటే అనిపించింది. సుబేదారిలో కాకతీయ విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉంది, ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. నాకు వచ్చిన ర్యాంకుకు ఒక ప్రైవేటు కాలేజీలో సీటు దొరికింది.

లాసెట్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కులు కోయరు. సగం ప్రశ్నలు జీకే, కరెంట్ అఫైర్స్, మిగతా సగం చట్టం మీద ప్రాథమిక అవగాహన. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. ఎస్ఐ కోచింగు చేసినవారికి మొదటి సగం కొట్టిన పిండే. అసలు ఓపిక కావాల్సింది కౌన్సెలింగ్‌కు. మేలో పరీక్ష రాస్తే క్లాసులు మొదలయ్యేసరికి చలికాలం వచ్చేసింది. ఆ ఆలస్యం వల్ల నాకు ఒక మేలు జరిగింది: 2023 డిసెంబరు 9న ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని మూడేళ్లు చదువుకున్నాను. ఆ పథకం లేకపోతే రెండో సెమిస్టర్‌కే మా అమ్మ "ఇక చాలు బిడ్డా" అనేసేది. బస్సులో సీటు దొరికిందా అని మాత్రం అడగకండి.

చేరిన ఏడాదే చట్టం మారిపోవడం మా బ్యాచ్‌కు దక్కిన ప్రత్యేకత. 1860 నాటి ఐపీసీ 511 సెక్షన్లతో మా చేతికి వచ్చింది. హత్య 302, హత్యాయత్నం 307, దొంగతనం 379, మోసం 420 అని నోరు తిరిగేలా వల్లెవేశాం. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. మొత్తం 358 సెక్షన్లే. హత్య 103 అయింది, హత్యాయత్నం 109, దొంగతనం 303, మోసం 318. సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఊళ్లో "వాడు పెద్ద ఫోర్‌ట్వంటీ" అనే తిట్టుకు ఇక ఆధారం లేదని క్లాసులో ఒకటే నవ్వులు.

నవ్వు అయిపోయాక తెలిసింది, పాతది పారేయడానికి లేదని. జులై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. ఆనాటికే నడుస్తున్న విచారణలు సీఆర్‌పీసీ ప్రకారమే సాగుతాయి. మన కోర్టుల్లో కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి కనుక, మా తరం వకీళ్లు చాలాకాలం రెండు లెక్కలూ తలలో పెట్టుకుని తిరగాల్సిందే. ఒక సీనియర్ లెక్చరర్ అయితే పాత నంబరు చెప్పి, నాలుక కరుచుకుని, కొత్తది పుస్తకంలో వెతుక్కునేవారు. ఆయనను చూసి మాకు ధైర్యం వచ్చింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవారూ మేమూ ఒకే వరుసలో నిలబడిన రోజులవి.

పోలీసు కావాలనుకున్న మనిషిగా నన్ను కుదిపేసింది మాత్రం సెక్షన్ల నంబర్లు కాదు, సాక్ష్య చట్టం. దొంగ ఒప్పుకున్నాడంటే కేసు తేలిపోయినట్టేనని కోచింగు గ్రౌండులో అందరం అనుకునేవాళ్లం. సినిమాల్లోనూ అంతే. చట్టం చెప్పేది దానికి తలకిందులు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద సాక్ష్యంగా వాడకూడదు. పాత చట్టంలో అది 25వ సెక్షన్, ఇప్పుడు 23. దానికి ఒకే ఒక సందు ఉంది: కస్టడీలో ఉన్న ముద్దాయి చెప్పిన మాట వల్ల ఒక వస్తువు బయటపడితే, సరిగ్గా ఆ వస్తువు దొరకడానికి దారితీసిన మాట వరకు పనికొస్తుంది. అంటే పోలీసులు నాలుగు పేజీల నేరాంగీకార పంచనామా రాసినా, కోర్టు అందులో "బండిని ఫలానా చోట దాచాను, వస్తే చూపిస్తాను" అన్న ఒక్క వాక్యాన్ని తీసుకుని ఎగ్జిబిట్‌గా మార్క్ చేస్తుంది. మిగతా నాలుగు పేజీలూ ఉన్నా లేనట్టే.

ఆ ఒక్క వాక్యం కూడా ఎలా జారిపోతుందో కోర్టులో కళ్లారా చూశాను. లా విద్యార్థులు ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణకు వెళ్లి చూసి, రికార్డు రాసి ఇవ్వాలి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం దానికి ముప్పై మార్కులు. చాలామంది పాత బ్యాచ్ రికార్డు చూసి రాసేస్తారు. నేను అదాలత్ సెంటర్‌లో బస్సు దిగి పని గట్టుకుని వెళ్లాను. 2021 డిసెంబరులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ప్రారంభించిన పది కోర్టుల భవనం అక్కడే ఉంది. భవనం కొత్తదే కానీ వరండాలో కనిపించే ముఖాలు ఎప్పటివో: ఫైళ్ల కట్ట చంకలో పెట్టుకున్న కోర్టు కానిస్టేబుల్, గోడకు ఆనుకుని నిద్రపోతున్న ముద్దాయి తల్లి, ఎవరి పేరు పిలిచినా తనదేనేమో అని ఉలిక్కిపడే సాక్షి.

నేను కూర్చుని చూసింది మోటారు సైకిల్ దొంగతనం కేసు. పాతది కాబట్టి ఐపీసీ 379. మొదట బండి యజమాని బోనెక్కాడు. అతనికి బండి ఏనాడో మధ్యంతర కస్టడీ కింద తిరిగి దొరికింది. వాయిదాలకు తిరగడమే అతనికి మిగిలిన శిక్ష. ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు ఏది అడిగినా ముక్తసరిగా జవాబు చెప్పి, చివరికి "బండి వచ్చింది సార్, నాకు ఇంకేం వద్దు" అన్నాడు. ముద్దాయి వైపు కూడా చూడలేదు.

తర్వాత పంచ్ సాక్షి, అంటే పంచనామా మీద సాక్షిగా సంతకం చేసిన మనిషి, ఒక హోటల్‌లో వంటమనిషి. ముద్దాయి తన ముందు ఒప్పుకున్నాడని, బండి చూపించాడని పంచనామాలో ఉంది. "మీ ఎదుటే స్వాధీనం చేసుకున్నారా?" అని ఏపీపీ గారు అడిగితే, "స్టేషనుకు పిలిచి సంతకం పెట్టమన్నారు, పెట్టాను. అందులో ఏం రాశారో నాకు తెలియదు" అన్నాడు. ఏపీపీ గారు సాక్షి ఎదురుతిరిగినట్టు ప్రకటించమని కోరి, తానే క్రాస్ (ఎదురు ప్రశ్నలు) మొదలుపెట్టారు. పోలీసులకు ఇలా చెప్పావు కదా అని చదివి వినిపిస్తే "చెప్పలేదు" అన్నాడు. పంచనామా వేరు, దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం వేరు. ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదు, దాన్ని నేరుగా సాక్ష్యంగా వాడకూడదు. అతని ఇప్పటి మాట అప్పటి మాటకు విరుద్ధమని చూపడానికే అది పనికొస్తుంది. పది నిమిషాల్లో అతను బోను దిగి, బ్యాటా ఎక్కడిస్తారని కానిస్టేబుల్‌ను అడుగుతూ వెళ్లిపోయాడు. న్యాయమూర్తి ఇంగ్లీషులో చెబుతూ ఉంటే స్టెనో టైపు చేసుకున్నారు. సాక్షి తెలుగులో అన్న విసురు ఆ కాగితం మీదికి రాలేదు.

కేసును ముంచింది మాత్రం అది కూడా కాదు. మరో వాయిదాకు దర్యాప్తు అధికారి వచ్చారు. డిఫెన్స్ వకీలు గొంతు పెంచకుండా రెండు కాగితాలు చూపించారు. ఒకదాని ప్రకారం ఆ సాయంత్రం ఆయన ఊరి చివర బండిని స్వాధీనం చేసుకుంటున్నారు. రెండోదాని ప్రకారం అదే సమయానికి వేరే కేసులో వేరే చోట పంచనామా రాస్తున్నారు. "రెండు చోట్లా మీరే ఉన్నారా?" అని ఒకే ప్రశ్న. స్టేషన్లో కాగితాలు రాసే రైటర్ సమయం తప్పు వేసి ఉంటాడని అధికారి అన్నారు. అది నిజమే అయి ఉండవచ్చు. స్టేషన్లలో ఎంత మంది లేక ఎంత పని మీద పడుతుందో నా స్నేహితుల నోట విన్నాను. కానీ సందేహం పుట్టింది, ముద్దాయి బయటపడ్డాడు. ఆ బండిని అతనే దొంగిలించాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా ఆ తీర్పు సరైనదే అని కూడా అనిపిస్తుంది. ఈ రెండూ ఒకే తలలో ఇమడడానికి చాలా రోజులు పట్టింది.

కొత్త చట్టం ఈ జబ్బుకే మందు వేయబోయింది. నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని ఆడియో, వీడియోగా రికార్డు చేయాలి. మొబైల్ ఫోను చాలు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా ఘటనాస్థలికి వెళ్లాలని 176వ సెక్షన్ చెబుతుంది. ఇది రాష్ట్రాలు ఐదేళ్లలోపు అమలులోకి తేవాల్సిన నిబంధన. వంటమనిషి "స్టేషన్లో సంతకం పెట్టాను" అనే మాట వీడియో ముందు నిలవదు. అయితే ఫోను పట్టుకునేది ఎవరు, ఎక్కడ ఆన్ చేశారు, ఎక్కడ ఆపారు అనే క్రాస్ కొత్తగా మొదలవుతుంది. ఆ ఎలక్ట్రానిక్ రికార్డును రుజువు చేయాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. కాగితం పోయిందని సంబరపడ్డ చోట ఇంకో కాగితం వచ్చి కూర్చుంది.

మూట్ కోర్టు, అంటే విద్యార్థులు వాదించే నమూనా కోర్టు, గురించి ఒక మాట. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు ఇంగ్లీషులో వాదించడం నరకం. కాళ్లు వణకలేదు కానీ, మనసులో ఉన్న వాదన నోటిలోకి వచ్చేసరికి సగమయ్యేది. తీర్పులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక తప్పించుకునే దారి లేదు. రోజూ ఒక తీర్పులో రెండు పేజీలు గట్టిగా చదవడం మొదలుపెట్టాక కొంత నయమైంది. ఇక్కడ ఎస్ఐ కోచింగు ఏ మాత్రం అక్కరకు రాలేదు.

అది అక్కరకొచ్చిన చోటు వేరే ఉంది. మూడేళ్ల కోర్సులో పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందులో కొంత భాగం ఉచిత న్యాయ సహాయం పనిలో గడిపాను. నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బాండు మీద విడుదల చేయాలి. మిగతావారికి సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు ఉన్నా కుదరదు. పాత కేసుల్లోని విచారణ ఖైదీలకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. ఎవరిది ఏ సెక్షన్, గరిష్ఠ శిక్ష ఎంత, రిమాండ్ తేదీ నుంచి ఎన్ని రోజులు అని పట్టిక వేయడం మా పని. ఎస్ఐ కోచింగులో భాగాలు, భిన్నాలు ఎందుకురా దేవుడా అని తిట్టుకుంటూ నేర్చుకున్నదంతా అక్కడ వాడాను. ఒక కాలమ్‌లో తేదీ తప్పు పడితే ఒక మనిషి మరికొన్నాళ్లు లోపలే ఉండిపోతాడు. ఆ పరీక్షలో మార్కు పోయినప్పుడు పడని భయం అక్కడ పడింది.

ఆ ఖైదీలెవరూ వరంగల్‌లో లేరు. నిజాం కాలం నాటి మన సెంట్రల్ జైలును 2021లో కూల్చి, ఆ స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. అక్కడివారిని వేరే జైళ్లకు తరలించారు. ఆసుపత్రి వద్దని ఎవరు అంటారు? కానీ ములాఖత్ కోసం పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇల్లు చేరే తల్లుల సంగతి ఆ లెక్కలో ఎవరూ రాసుకోలేదు. వాళ్లలో ఒకామె మా దగ్గరికి వచ్చి, "వకీలుకు ఇవ్వడానికి పైసలు లేవు బిడ్డా" అంటే, నాతో ఉన్న ప్యానెల్ అడ్వకేటు గారు, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడని చెప్పి అక్కడికక్కడే దరఖాస్తు రాయించారు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో 12వ సెక్షన్ అది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా చదివాను. ఆమె వేలిముద్ర వేసిన ఆ దరఖాస్తు నా చేతిరాతలోనే ఉంది.

సెక్యూరిటీ కోర్సుల గురించి అడిగేవారికి మా మామ సంగతి చెబుతాను. ఆయన కాజీపేట వైపు ఒక చోట గార్డుగా చేస్తారు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు వంద గంటల తరగతి శిక్షణ, అరవై గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు మాత్రం తక్కువ. "నీకు ఏం నేర్పించారు మామా?" అని అడిగితే, "టోపీ ఎలా పెట్టుకోవాలో నేర్పించారు" అని నవ్వారు. ఆయన చేతికి ఒక సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. సెక్యూరిటీలో చేరాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే: ముందు ఆ ఏజెన్సీకి లైసెన్సు ఉందో లేదో చూడండి, తర్వాత ఆ నూట అరవై గంటలూ ఎక్కడ, ఎవరు నేర్పుతారో అడగండి. జవాబు చెప్పలేని చోట డిపాజిట్ కట్టకండి.

ఇక నా ముందున్న దారి. ఎల్ఎల్‌బీ చేతికి రాగానే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. వేలకు వేలు వసూలు చేసే రోజులు పోయి, ఫీజు జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. మా బ్యాచ్‌కు అది పండగే. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష, వంద ప్రశ్నలు, నోట్సు లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లవచ్చు. నాకు కావాల్సింది ఏపీపీ కుర్చీ. పోలీసు తెచ్చిన కాగితాన్ని కోర్టుకు వెళ్లకముందే చదివి, ఇందులో ఈ సమయం తప్పు, ఈ సంతకం లేదు అని చెప్పగలిగే చోటు అదే. ఆ పోస్టులను కూడా పోలీసు నియామక మండలే భర్తీ చేస్తుంది, మళ్లీ అదే వెబ్‌సైటు, అదే హాల్‌టికెట్టు. కానీ మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను సుప్రీంకోర్టు 2025 మేలో తిరిగి తెచ్చింది. కాబట్టి ఎటు తిరిగినా మూడేళ్లు నల్లకోటు తప్పదు.

హనుమకొండలో క్రిమినల్ కేసులు చూసే ఒక సీనియర్ మేడమ్ దగ్గర జూనియర్‌గా చేరడానికి మాట్లాడుకున్నాను. మొదట్లో డబ్బులేమీ ఉండవని ఆమె ముందే చెప్పేశారు. ఎస్ఐ నోటిఫికేషన్ వస్తే రాస్తావా అని కూడా అడిగారు. వయసు దాటకపోతే రాస్తానని చెప్పాను. "రాయి, కానీ ఆ రోజు వాయిదా ఉంటే ముందు చెప్పి వెళ్లు" అన్నారు.